పుర్రె అడుగున పగులు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నలుగురికీ పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి, ఇరవై నిమిషాలు మించొద్దు" అన్నారు. నాకు తెలిసిన పని ఒక్కటే. ఇరవై ఎనిమిదేళ్లుగా కొత్త కార్లను గోడకు గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకు ఎంత దెబ్బ తగిలిందో లెక్కలు కట్టడం. మా అమ్మ మొదట్లో ఊళ్లో ఎవరైనా అడిగితే "మావాడు కార్ల కంపెనీలో ఇంజనీరు" అనేది. ఒకసారి పుణె వచ్చి మా ప్రయోగశాల చూసిన తర్వాత "శుభ్రమైన కార్లు నుజ్జు చేస్తే వీడికి జీతమిస్తున్నారు" అనడం మొదలుపెట్టింది. రెండూ నిజమే.

ఇవాళ చెప్పబోయేది పుర్రె అడుగున వచ్చే పగుళ్ల గురించి. ఇంజనీరుకి ఇందులో ఏం పని అనిపించవచ్చు. ఆ పగులు ఎలా వస్తుందన్నది మా లెక్క. వచ్చాక ఏం చేయాలన్నది డాక్టర్ల పని. ఆ రెండో భాగం మన బడిలోనే చదివి న్యూరోసర్జన్ అయిన తమ్ముడు ఒకరికి చూపించి, ఆయన దిద్దిన తర్వాతే ఇక్కడికి తెచ్చాను. ఈ విషయమే ఎంచుకోవడానికి ఇంకో కారణం మూడో వరసలో కూర్చుని ఉంది. ఆయన గురించి కాసేపట్లో చెబుతాను. చెప్పమని ఆయనే అన్నాడు. "పేరొద్దురా, మిగతాదంతా చెప్పు" అన్నాడు. పేరు చెప్పకపోయినా సగం మందికి తెలిసిన సంగతే అనుకోండి.

ముందు మన ఎనిమిదో తరగతి సైన్సు గదికి వెళదాం. గాజు గ్లాసు మీద అట్టముక్క, అట్టముక్క మీద రూపాయి బిళ్ల. మాస్టారు అట్టని చిటికెన వేలితో మీటితే అట్ట ఎగిరిపోయేది, బిళ్ల గ్లాసులో పడేది. జడత్వం. కదలనిది కదలనంటుంది, కదిలేది ఆగనంటుంది. కారు ప్రమాదం మొత్తం ఈ రెండో సగంలోనే ఉంది. కారు దేన్నో కొట్టి ఆగిపోతుంది. లోపలి మనిషి ఆగడు. మనిషిని ఏదో ఒకటి ఆపిన తర్వాత కూడా మనిషి లోపలి మెదడు ఆగదు.

గంటకు 50 కిలోమీటర్లంటే మనకి నడకలా అనిపిస్తుంది. ఆ వేగంతో గోడను కొట్టడం దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి కింద పడటంతో సమానం. ఇది పదో తరగతి లెక్కే, ఇంటికి వెళ్లి చేసి చూసుకోండి. ఇప్పుడు, ఆ వేగం సున్నాకి రావడానికి ఎంత దూరం దొరుకుతుందన్నదే మనిషి బతుకుని తేలుస్తుంది. కారు ముందు భాగం నలిగి, సీటు బెల్టు కొద్దిగా సాగి, మొత్తం 60 సెంటీమీటర్ల దూరంలో మనిషి ఆగాడనుకోండి, అతని మీద పడే భారం ఒంటి బరువుకు పదహారు రెట్లు. బెల్టు లేక, తల నేరుగా వెళ్లి గట్టి వస్తువుకి కొట్టుకుని 5 సెంటీమీటర్లలో ఆగితే, దాదాపు రెండువందల రెట్లు. కారు అదే, వేగమూ అదే.

అందుకే మేము కారు ముందు భాగాన్ని కావాలని నలిగేలా చేస్తాం. "పాత అంబాసిడర్ ఎంత గట్టిది సార్, ఈ కార్లు అగ్గిపెట్టెల్లా నలుగుతున్నాయి" అని నాతో కనీసం వందమంది అని ఉంటారు. ఇవాళ భోజనాల దగ్గర కూడా ఒకరిద్దరు అంటారు, సిద్ధంగానే ఉన్నాను. నలగాల్సింది ముందుభాగం. నలగకూడనిది మనుషులు కూర్చునే గది. ముందు భాగం నలగకపోతే ఆ దెబ్బ లోపలికి వస్తుంది.

పరీక్షకి ముందు బొమ్మ నుదుటికి ఒక రంగు, ముక్కుకి ఒకటి, గడ్డానికి ఒకటి, మోకాళ్లకి ఒకటి పూస్తాం. గుద్దిన తర్వాత కారు లోపల ఎక్కడ ఏ రంగు అంటిందో చూస్తే ఏ భాగం ఎక్కడ కొట్టుకుందో తెలుస్తుంది. మన దేశంలో ఈ పరీక్ష 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకి, 2019 అక్టోబరు నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో కారు ముఖంలో 40 శాతం మాత్రమే అడ్డుకి తగిలేలా గుద్దిస్తాం, ఎందుకంటే రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చేవాళ్లు చివరి క్షణంలో పక్కకి తిప్పుతారు. 2023లో వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాల కోసం అదే పరీక్ష 64 కిలోమీటర్ల వేగంతో. కారు కొనేటప్పుడు సీటు కవర్ల రంగు గురించి అరగంట బేరమాడతాం కదా, ఆ నక్షత్రాల గురించి ఒక్క నిమిషం అడగండి.

ఇక పుర్రె సంగతి. పుర్రె అనగానే మనకి గుర్తొచ్చేది పైన గుండ్రటి చిప్ప. అది గట్టిదే. కొబ్బరి చిప్పలా ఒంపు తిరిగి ఉంటుంది కాబట్టి దెబ్బని పంచుకుంటుంది. మెదడు కూర్చునే అడుగుభాగం అలాంటిది కాదు. అది ఎగుడుదిగుడుగా మూడు మెట్లుగా ఉంటుంది. ముందు మెట్టు కళ్లకీ ముక్కుకీ పైన, మధ్య మెట్టు చెవుల పక్కన, వెనక మెట్టు మెడ మీద. దాని నిండా బెజ్జాలు. కంటి నరం పోయేందుకు ఒకటి, ముఖం కదిలించే నరానికి ఒకటి, మెదడుకి రక్తం తెచ్చే పెద్ద ధమనికి ఒక సొరంగం, అన్నిటికంటే పెద్దది వెన్నుపాము దిగే బెజ్జం. ముక్కు పైన ఉండే ఎముక అయితే అచ్చంగా జల్లెడే. వాసన నరాల పోగులు ఆ జల్లెడ కన్నాల్లోంచి కిందికి దిగుతాయి. అప్పడమంత పల్చన.

రేకుకి బెజ్జం పెడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుందని మెకానికల్ షెడ్డులో పనిచేసే ఏ కుర్రాడైనా చెబుతాడు. పుర్రె అడుగు కూడా అంతే. నుదురు డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంటే ఆ బలం పైచిప్ప మీదుగా పాకి ఈ పల్చటి చోట పగులుగా తేలుతుంది. తల పక్కభాగం డోరు స్తంభానికి కొట్టుకుంటే చెవి చుట్టూ ఉన్న ఎముక పగులుతుంది. ఆ ఎముక లోపలి భాగం ఒంట్లోకెల్లా గట్టి ఎముకల్లో ఒకటి, అయినా పగులుతుంది. గడ్డానికి తగిలిన దెబ్బ దవడ కీలు ద్వారా పైకి వెళుతుంది. చిత్రమేమిటంటే, తలకి ఏమీ తగలకుండా కూడా పుర్రె అడుగు విరగొచ్చు.

ఇది నమ్మడానికి రేసు కార్ల వాళ్లకి చాలా ప్రాణాలు ఖర్చయ్యాయి. రేసు డ్రైవరుని ఐదారు పట్టీలతో సీటుకి బిగిస్తారు. కారు గోడకి తగిలితే ఒళ్లు కదలదు. హెల్మెట్‌తో కలిపి ఆరేడు కిలోల తల మాత్రం ముందుకి వెళ్లిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి మెడ ఒక్కటే. మెడ లాగిన లాగుడికి వెన్నుపాము బెజ్జం చుట్టూ ఉన్న ఎముక విరిగిపోతుంది. 1981లో తన తోటి డ్రైవరు ఇలాగే పోతే జిమ్ డౌనింగ్ అనే అమెరికన్ రేసరు వెళ్లి తన బంధువు రాబర్ట్ హబర్డ్‌ని అడిగాడు. హబర్డ్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ఆచార్యుడు. వాళ్లిద్దరూ బావా బావమరుదులు. మన దగ్గర బావా బావమరుదులు కలిస్తే పేకాట మొదలవుతుంది, వాళ్లు కలిసి భుజాల మీద వేసుకునే ఒక కాడి తయారు చేశారు. ఎద్దు మెడ మీద కాడిలాగే ఉంటుంది. దానికీ హెల్మెట్‌కీ మధ్య రెండు పట్టీలు. తల ముందుకి వెళితే ఆ పట్టీలు పట్టుకుంటాయి, మెడ లాగబడదు. పేరు హాన్స్.

దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇరుకు అన్నారు, బరువు అన్నారు. 1994లో ఇమోలాలో రోలాండ్ రాట్జెన్‌బర్గర్ పోయాడు, పుర్రె అడుగు విరిగి. 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసు చివరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ పోయాడు. అమెరికాలో ఆయన మన దగ్గర పెద్ద సినిమా హీరోలాంటివాడు. ఆయనదీ అదే గాయం. ఆ తర్వాతే అదే ఏడాది అక్కడి నాస్‌కార్ రేసుల్లో, 2003లో ఫార్ములా వన్‌లో తల పట్టీలు తప్పనిసరి చేశారు. మేము బొమ్మ మెడలో లాగుడుని కొలిచే సాధనం పెడతాం. ఆ అంకె చూసిన ప్రతిసారీ నాకు ఆ కాడి గుర్తొస్తుంది.

మామూలు కార్లలో మనకి హాన్స్ అక్కర్లేదు. మూడు కొసల బెల్టు, దానికి తోడు ఎయిర్‌బ్యాగు సరిపోతాయి. ఆ బెల్టుని 1959లో వోల్వో కంపెనీ కోసం తయారుచేసిన నీల్స్ బోలిన్ అంతకు ముందు యుద్ధ విమానాల్లోంచి పైలట్ ఎగిరి బయటపడే సీట్ల మీద పనిచేసినవాడు. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగుని నమ్ముకోవడం మాత్రం వద్దు. కన్ను మూసి తెరిచేలోపు పేలినట్టు ఉబ్బే సంచీ అది. బెల్టుతో వెనక్కి ఆగి ఉన్న మనిషి కోసం లెక్కగట్టింది. దాని మీదికి ముందే వాలిపోయినవాడికి అదే దెబ్బ.

ఇప్పుడు మూడో వరస మిత్రుడి దగ్గరికి వస్తాను. మూడేళ్ల కిందట, మాఘమాసంలో, పెళ్లి చూసుకుని రాత్రి పన్నెండు దాటాక హైవే మీద తిరిగి వస్తున్నారు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. ముందువాళ్లు బెల్టు పెట్టుకున్నారు, చలానా భయంతో. వెనక ఎవరూ పెట్టుకోలేదు. ఈయన వెనక మధ్యలో. రోడ్డు వార వెనక దీపాలు లేకుండా ఆపి ఉంచిన లారీ. డ్రైవరు కోసి తిప్పాడు కానీ ఎడమ మూల తగిలింది. ముందువాళ్లకి ఛాతీ మీద బెల్టు చారలు తప్ప ఏమీ కాలేదు. ఈయన రెండు సీట్ల మధ్యలోంచి వెళ్లి గేరు రాడ్డు పైన డ్యాష్‌బోర్డుకి నుదురు కొట్టుకున్నాడు.

ఈయన లేచి నిలబడ్డాడు. మాట్లాడాడు. ఎవరో సోడా ఇస్తే తాగాడు. నుదుటి మీద రెండంగుళాల చీలిక, దగ్గర్లోని నర్సింగ్ హోంలో కుట్లు వేసి, తలకి ఎక్స్‌రే తీసి, ఎముకేమీ విరగలేదని చెప్పి పంపేశారు. ఇంటికొచ్చాక ముక్కు కారడం మొదలైంది. రాత్రి మంచుకి జలుబు చేసిందనుకున్నాడు. కుడివైపు ముక్కులోంచి నీళ్లలా, వంగితే టపటపా. గొంతులోకి దిగితే ఉప్పగా ఉందన్నాడు. అలవాటు ప్రకారం తువ్వాలుతో గట్టిగా చీదాడు. మర్నాటి సాయంత్రానికి రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలింది. దెబ్బ తగిలింది నుదుటికి, కమిలింది కళ్ల చుట్టూ. దానికి నవ్వుకుంటూ ఒక ఫోటో తీసి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, "విలన్ వేషం దొరికింది" అని రాసి.

మేమందరం నవ్వు బొమ్మలు పెట్టాం. ఒక్కరు మాత్రం ఫోన్ చేశారు. మన బ్యాచ్‌లోనే చదివి ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా క్లాసుమేటు. ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. "ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లు వస్తున్నాయా? వంగితే ఎక్కువవుతోందా?" ఔనన్నాడు. "ఇక చీదొద్దు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకో. రాత్రికి రాత్రే సి.టి. స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లు. ముక్కులో దూది పెట్టొద్దు" అంది.

ఆవిడ చూసిందేమిటో చెబుతాను. పుర్రె అడుగు ముందు మెట్టు పగిలితే రక్తం మెల్లగా జారి కళ్ల చుట్టూ ఉన్న వదులు చర్మంలో చేరుతుంది. వెంటనే కనిపించకపోవచ్చు, కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లో తేలుతుంది. రెండు కళ్లకీ వస్తే మరీ అనుమానించాలి. చెవి పక్క ఎముక పగిలితే చెవి వెనక గట్టు మీద కమిలిన మచ్చ వస్తుంది. దాన్ని గమనించి రాసిన లండన్ సర్జన్ పేరు బాటిల్, ఆ గుర్తుకి ఇప్పటికీ ఆయన పేరే. ఇదీ ఒకటి రెండు రోజుల తర్వాతే కనిపిస్తుంది. కర్ణభేరి వెనక రక్తం చేరొచ్చు, డాక్టరు చెవిలో దీపం వేసి చూస్తే నీలంగా కనబడుతుంది. మూతి ఒక పక్కకి లాగొచ్చు, ఒక చెవి వినబడకపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ నీళ్లు. మెదడు ఒక నీటి సంచీలో తేలుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, రోజుకి అర లీటరు ఊరుతుంది. ఎముకతో పాటు సంచీ పొర కూడా చిరిగితే ఆ నీరు ముక్కులోంచో చెవిలోంచో కారుతుంది. నీరు బయటికి రావడం ఒక ఎత్తు. అదే దారిన ముక్కులోని క్రిములు మెదడు పొరల దాకా వెళ్లడం ఇంకో ఎత్తు. ప్రాణం తీసేది అది. చీదితే గాలి కూడా లోపలికి వెళుతుంది.

పాత రోజుల్లో ఆ నెత్తుటి నీటి చుక్కని గుడ్డ మీద వేసి చూసేవాళ్లు. మధ్యలో ఎర్రగా, చుట్టూ తెల్లటి వలయంగా పాకితే మెదడు నీరే అనేవాళ్లు. ఇప్పటికీ అనుమానించడానికి పనికొస్తుంది కానీ, నెత్తురులో కన్నీళ్లు కలిసినా మామూలు నీళ్లు కలిసినా అలాగే వలయం వస్తుంది. నికరంగా తేల్చే పరీక్ష బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌ది. అది మెదడు నీటిలో ఉంటుంది, చీమిడిలోనూ కన్నీళ్లలోనూ ఉండదు.

ఎక్స్‌రే ఎందుకు పట్టుకోలేదని మిత్రుడి భార్య చాలాకాలం బాధపడింది. ఎక్స్‌రే అంటే నీడ. పుర్రె అడుగున ఉన్న ఎముకలన్నిటి నీడలూ ఒకదాని మీద ఒకటి పడితే వెంట్రుకంత పగులు ఎక్కడ కనబడుతుంది? దాన్ని చూడాలంటే బ్రెడ్డు కోసినట్టు తలని పొరలు పొరలుగా చూడగలగాలి. ఆ యంత్రం చేసిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను, నా వృత్తివాడు కదా. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్, ఇంగ్లండులో రైతు కొడుకు. డాక్టరు కాదు, పిహెచ్‌డీ కూడా లేదు. గ్రామఫోను రికార్డులమ్మే ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరు. ఒక పెట్టెని తెరవకుండా అన్ని వైపుల నుంచీ కిరణాలు పంపి లోపలేముందో లెక్కగట్టవచ్చు కదా అనుకున్నాడు. 1971 అక్టోబరు 1న లండన్ శివారు అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలని అలా చూశారు. 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు, వైద్యంలో! దానికి కావలసిన గణితాన్ని విడిగా వేసిన అలన్ కార్మాక్‌తో పంచుకున్నాడు. ఆయనా డాక్టరు కాదు, భౌతికశాస్త్రం మాస్టారు. లెక్కల పీరియడ్లో నిద్రపోయిన మా బ్యాచ్ డాక్టర్లు ఇది వినాలి.

ఇప్పటి యంత్రం మిల్లీమీటరు మందం పొరలు నిమిషం లోపలే తీస్తుంది. మిత్రుడి స్కాన్‌లో ముక్కు పైన జల్లెడ ఎముకలో కుడివైపు పగులు, పుర్రె లోపల చిన్న గాలి బుడగలు కనిపించాయి. గాలి ఉండకూడని చోట గాలి ఉందంటే ఎక్కడో తలుపు తెరుచుకుందన్నమాట. పగులు ధమని సొరంగం మీదుగా పోతే రంగు ద్రవం ఎక్కించి రక్తనాళాలని కూడా స్కాన్ చేస్తారు. ఈయనకి ఆ అవసరం రాలేదు.

ఇక వైద్యం. కాలు విరిగితే కట్టు కడతారు, రాడ్డు వేస్తారు. పుర్రె అడుగుకి అలాంటిదేమీ లేదు. చాలా పగుళ్లు వాటంతటవే మానతాయి. డాక్టర్లు చూసేది పగులుని కాదు, దాని చుట్టుపక్కల వాటిని. మెదడులో రక్తం గడ్డకట్టిందా, స్పృహ తగ్గుతోందా అని. స్పృహని కొలిచే 3 నుంచి 15 దాకా అంకెల కొలబద్ద ఒకటుంది, గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ 1974లో తయారుచేసింది. కళ్లు తెరవడానికి, మాటకి, కదలికకి విడివిడిగా మార్కులు. గంట గంటకీ వేస్తారు. ఒక్కసారి వచ్చిన మార్కు కంటే అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం. మన బడి ప్రోగ్రెస్ కార్డులాగే.

మిత్రుణ్ణి తల వైపు మంచం ముప్ఫై డిగ్రీలు ఎత్తి పడుకోబెట్టారు. చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులెత్తకూడదు, ముక్కకూడదు, అందుకు విరేచనం సాఫీగా అయ్యే మందు. ముక్కులోంచి గొట్టాలు వేయకూడదని మంచం దగ్గర కాగితం అంటించారు. పగిలిన జల్లెడ గుండా ఆ గొట్టం మెదడులోకే పోయే ప్రమాదం ఉంది. కడుపులోకి గొట్టం కావలసివస్తే నోట్లోంచి వేస్తారు.

వాళ్లబ్బాయి రెండు ప్రశ్నలు వేశాడట. ఒకటి, ఇంత పెద్ద గాయానికి యాంటీబయాటిక్స్ ఎందుకివ్వడం లేదని. ముందు జాగ్రత్తగా ఇవ్వడం వల్ల మెదడు పొరల వాపు ఆగుతుందనడానికి ఇంతవరకూ జరిగిన పరిశోధనలలో రుజువు దొరకలేదు. పైగా మందుకి లొంగని క్రిములు మిగులుతాయి. జ్వరం వస్తే, మెడ బిగిస్తే అప్పుడు వెంటనే ఇస్తారు. రెండోది, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇవ్వరా అని. దశాబ్దాల పాటు తలదెబ్బలకి ఇచ్చారు. 2004లో పదివేల మంది రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల్లో 21 శాతం, ఇవ్వనివాళ్లలో 18 శాతం పోయారు. మేలు చేస్తుందనుకున్న మందు కీడు చేస్తోందని తేలింది. ఆ పరీక్ష పేరు క్రాష్. నేను మొదట పేరు చూసి మా కార్ల సంగతేమో అనుకున్నాను. ముఖం నరం దెబ్బతిని మూతి లాగిన కొందరికి మాత్రం ఈ మందు వాడతారు, అది వేరే లెక్క. దెబ్బ తగలగానే మూతి లాగిందా, రెండు మూడు రోజుల తర్వాతా అన్నది అక్కడ కీలకం. తర్వాత వచ్చినది చాలావరకు తిరిగి వస్తుంది. అందుకే చూసిన తేదీ, సమయం రాసిపెట్టుకోమంటారు.

నీళ్లు కారడం చాలామందిలో వారం పది రోజుల్లో ఆగిపోతుంది. చెవిలోంచి కారేది ముక్కు కంటే తొందరగా ఆగుతుంది. మనవాడికి ఆగలేదు. నడుము దగ్గర సన్నటి గొట్టం వేసి నీటి ఒత్తిడి తగ్గించి చూశారు. తగ్గింది, గొట్టం తీయగానే మళ్లీ మొదలైంది. అప్పుడు ముక్కులోంచే ఎండోస్కోపు పంపి, తొడ నుంచి తీసిన పొరముక్క, ముక్కు లోపలి పొర కలిపి పగులుకి అతుకు వేశారు. ముఖం మీద ఒక్క కోత లేదు. వెనకటికి దీనికి నుదుటి పైన పుర్రె తెరిచేవారు. అయిదో రోజున ఇంటికి పంపారు.

అతుకు నిలిచింది. వాసన మాత్రం పోయింది. జల్లెడ కన్నాల్లో తెగిన ఆ సన్నటి పోగులు కొందరికే తిరిగి కుదురుకుంటాయి. కొన్ని నెలల తర్వాత ఒకసారి నాతో అన్నాడు, "ఒరేయ్, ఆవకాయ కలిపేటప్పుడు పక్క వీధిలోకి వచ్చే వాసన నాకు నా కంచంలో రావట్లేదురా" అని. ఇంటాయన వాసన పోవడం అంటే ఏమిటో వాళ్లావిడ చెప్పింది. పాలు విరిగినా తెలీదు. పప్పు మాడినా తెలీదు. ఒక రోజు ఆవిడ బజారు నుంచి వచ్చేసరికి గ్యాస్ పొయ్యి నాబ్ సగం తిరిగి ఉంది, వంటిల్లంతా గ్యాసు, ఈయన పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాడు. ఆ సాయంత్రమే గ్యాస్ లీకైతే మోగే అలారం కొని గోడకి బిగించారు. ఇలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ పెట్టె పెట్టించండి, ఖరీదు పెద్దదేం కాదు. ఇంకో సంగతి, ఎన్నేళ్ల తర్వాతైనా గట్టి జ్వరంతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం వస్తే పాత దెబ్బ సంగతి డాక్టరుకి మొదటే చెప్పాలి. నిమోనియా క్రిమికి టీకా కూడా డాక్టరు చెబితే వేయించుకోవాలి.

రోడ్డు మీద చూసేవాళ్లం మనమే కాబట్టి కొన్ని మాటలు. స్పృహలో లేనివాడి నోట్లో నీళ్లు, సోడా పోయకండి. లేపి కూర్చోబెట్టకండి, తల ఊపి పిలవకండి, తలకి దెబ్బంటే మెడకీ దెబ్బేనని అనుకోండి. వాంతి వస్తుంటే ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, వీపు ఒకే గీతలో ఉండేలా దుంగని దొర్లించినట్టు పక్కకి తిప్పండి. చెవిలోంచి, ముక్కులోంచి కారేదాన్ని దూదితో బిగించకండి, పైన శుభ్రమైన గుడ్డ వదులుగా పెట్టండి చాలు. 108కి ఫోన్ చేయండి. ఆ సర్వీసు 2005లో మొదలైంది మన హైదరాబాదులోనే. పోలీసులు, సాక్ష్యాలు అని భయపడేవారికి, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని కూడా మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. ఆసుపత్రి గుమ్మంలో ఆ మాట అడగండి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో సీటు బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. వారిలో సుమారు సగం మంది డ్రైవర్లు కారు, పక్కనా వెనకా కూర్చున్నవారు. వెనక సీటు బెల్టు ఎప్పటి నుంచో చట్టమే. "వెనక బెల్టు బకిల్ సీటు కిందికి పోయింది సార్, కనబడదు" అంటారు. సీటు కవర్లు వేయించినప్పుడు పోతుంది. ఇవాళ మైదానంలో నలభైకి పైగా కార్లున్నాయి. పొద్దున్న ఊరికే నడుస్తూ పద్దెనిమిదింటిలో వెనక చూశాను, కొలిచే జబ్బు కదా. పదకొండింటిలో బకిళ్లు కవరు కింద ఉన్నాయి. ఒళ్లో పిల్లని పట్టుకుంటే చాలనుకునే అమ్మలకి, తాతలకి ఒక లెక్క. పది కిలోల పాప ఇందాక చెప్పిన 16 రెట్ల దగ్గర 160 కిలోలు. ఏ చేతులూ ఆపలేవు.

కమిటీ ముందు నాదొక ప్రతిపాదన ఉంది. స్వర్ణోత్సవ నిధిలో గేటు ఆర్చీకి పెట్టిన దాంట్లోంచి కొంత తీసి తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఏటా ఒక రోజు ప్రథమ చికిత్స నేర్పిద్దాం. ఆర్చీ కావాలనే మిత్రులు నన్ను క్షమించాలి, ఆర్చీ రెండడుగులు పొట్టిదైనా బాగానే ఉంటుంది. దుంగలా దొర్లించడం ప్రాక్టీసు చేయడానికి పాత బొమ్మ ఒకటి నేను పంపిస్తాను, మెడ బాగానే ఉంది, ఒక మోకాలు మాత్రం పనిచేయదు. నేర్పడానికి మా క్లాసుమేటు నర్సమ్మగారు ఒప్పుకున్నారు. ఈ జూలైలో రిటైరవుతున్నారు, ఆగస్టు రెండో శనివారం నుంచి వస్తానన్నారు. పేషెంటుగా పడుకోవడానికి మూడో వరస మిత్రుడు సిద్ధంగా ఉన్నాడు. సైన్సు గది తాళం హెడ్మాస్టరుగారి దగ్గర ఉంది.